అండమాన్‌లో అద్దాల టెలిస్కోపు

నక్షత్రాల వెలుగును గాజు కటకంతో కాకుండా అద్దంతో పోగుచేసేది పరావర్తన టెలిస్కోపు. గొట్టం అడుగున పుటాకార దర్పణం ఉంటుంది. దానిమీద పడ్డ వెలుగు వెనక్కి మళ్ళి, గొట్టం మూతి దగ్గర 45 డిగ్రీల వాలులో నిలిపిన చిన్న సమతల అద్దాన్ని తాకి, పక్కకు తిరిగి, కన్ను ఆనించి చూసే ఐపీస్‌లో పడుతుంది. దీన్ని న్యూటన్ పద్ధతి అంటారు. ఔత్సాహికుల దగ్గర ఎక్కువగా కనిపించేది ఈ రకమే, ముఖ్యంగా ధర వల్ల. రంగుల అంచులు కనబడకుండా చేసే జంట కటకానికి నాలుగు ముఖాలు నునుపు చేయాలి. అద్దానికి ఒక్కటి చాలు. ఆ చవకదనానికి బదులుగా వాడుకరి రెండు పనులు నెత్తిన వేసుకోవాలి. అద్దాలు రెండూ ఒకే అక్షం మీద ఉండేలా తరచు సరిచేసుకోవాలి. మూత తీసిన క్షణం నుంచి గాలికి తెరిచి ఉండే అద్దపు పూతను కాపాడుకోవాలి.

శ్రీ విజయపురంలోని (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) డైరీ ఫార్మ్ పేటలో ఈ రెండు పనుల స్వభావమూ కాస్త మారుతుంది. దక్షిణ అండమాన్ తూర్పు తీరంలోని ఈ పట్టణం భూమధ్యరేఖకు 11.7 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. మేలో మొదలైన నైరుతి వెనుదిరిగేలోపే ఈశాన్య రుతుపవనం అందుకుంటుంది. చుట్టూ ఉప్పుగాలి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. టెలిస్కోపు పెట్టెలో వచ్చే సూచనల పుస్తకం మాత్రం ఎక్కడో 40, 50 డిగ్రీల అక్షాంశంలో, చలిరాత్రుల్లో చూసేవారిని మనసులో పెట్టుకుని రాసినది. అందులోని కొన్ని ముఖ్యమైన సలహాలు ఇక్కడ పనిచేయవు, ఒకటి రెండు ఎదురు తిరుగుతాయి కూడా.

తెలుగునాట అద్దం

న్యూటన్ 1668లో చేసిన మొదటి పరావర్తన టెలిస్కోపు అద్దం గాజుది కాదు, రాగి తగరాల మిశ్రమలోహం. ఆ లోహం తేమకు మసకబారేది. మళ్ళీ నునుపు చేస్తే మెరుపు వచ్చేది గానీ, కష్టపడి తీర్చిన వంపు ఆ రాపిడిలో చెడేది. 1869లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపును ఈ చిక్కే దెబ్బతీసింది. గాజుమీద వెండిని పలచగా పూసే పద్ధతి 1850ల చివరలో వచ్చాక సమస్య సగం తీరింది: పూత పాడైతే రసాయనంతో కడిగి మళ్ళీ పూయొచ్చు, కింది గాజు వంపు చెక్కుచెదరదు. 1930లలో వెండి స్థానంలో అల్యూమినియం వచ్చింది. వెండికన్నా మెరుపు కొంచెం తక్కువైనా చాలాకాలం నిలుస్తుంది. ఇప్పటి టెలిస్కోపుల్లో సాధారణంగా ఉండేది అదే, పైన పలచని రక్షణ పొరతో.

తెలుగు ప్రాంతంలో ఖగోళ పరిశీలన కటకాలతోనే మొదలైంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాల, ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడ వాడిన 6 అంగుళాల టెలిస్కోపు, హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ప్రారంభించిన నిజామియా వేధశాలలోని 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు అన్నీ కటకాలవే. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖకు 1840లో లోహపు అద్దం తెచ్చి ఉంటే, దాన్ని మెరుగుపెట్టడంతోనే సరిపోయేది. పెద్ద అద్దం తెలుగు నేలకు 1968లో వచ్చింది. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో జాపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల పరావర్తన టెలిస్కోపును నెలకొల్పింది. ఖగోళ శాస్త్రవేత్త అక్బర్ అలీ మొదలుపెట్టిన ఆ ప్రయత్నాన్ని కె.డి. అభ్యంకర్ పూర్తిచేశారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఆ వేధశాల మీదుగానే సాగింది.

అండమాన్‌వాసికి ఇంతకంటే పనికొచ్చే ఉదాహరణ తమిళనాడులో జవ్వాదు కొండల మీది కావలూరు. నిజామియా వేధశాల ఉద్యోగి కొడుకుగా హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదువుకున్న ఖగోళ శాస్త్రవేత్త వేణు బాప్పు పేరు పెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపు అక్కడ ఉంది. 1986 జనవరిలో ప్రారంభమైంది; అద్దాన్ని మనదేశంలోనే అరగదీసి తీర్చారు. కావలూరు అక్షాంశం 12.6 డిగ్రీలు, డైరీ ఫార్మ్‌కు దాదాపు సమానం. ధ్రువనక్షత్రం క్షితిజానికి అంత దగ్గరగా ఉండే చోట టెలిస్కోపును మోసే అక్షం దాదాపు పడుకున్నట్టే ఉంటుంది. అందుకే అక్కడ గుర్రపు నాడా ఆకారపు ఆధారాన్ని ఎంచుకున్నారు. చిన్న టెలిస్కోపు కొనేవారికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

నిలబెట్టడం

చిన్న టెలిస్కోపులకు ఆధారాలు రెండు రకాలు. పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగేది ఒకటి. చెక్కపెట్టె రూపంలోని డాబ్సోనియన్ ఈ కోవలోది. అమెరికాలో వేదాంత సన్యాసిగా ఉండి, తరవాత వీధుల్లో జనానికి ఆకాశం చూపించడమే పనిగా పెట్టుకున్న జాన్ డాబ్సన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. రెండోది ఈక్వటోరియల్: ఒక అక్షాన్ని ధ్రువం వైపు గురిపెడితే, ఆ ఒక్క అక్షాన్ని తిప్పుతూ నక్షత్రాన్ని వెంబడించవచ్చు.

కావలూరులో పెద్ద యంత్రానికి ఎదురైన చిక్కు ఇక్కడ చిన్న రూపంలో కనిపిస్తుంది. చాలా చవకరకం ఈక్వటోరియల్ స్టాండ్లలో అక్షాన్ని 12 డిగ్రీలకు దించడమే కష్టం, మర అడ్డొస్తుంది. దించగలిగినా, తూకపు బరువు కడ్డీ నిలువుగా కిందికి వేలాడి, ఉత్తరం వైపు కాలికి తగులుతుంది. పుస్తకం ఒక కాలు ఉత్తరానికి పెట్టమంటుంది. ఇక్కడ ఒక కాలు దక్షిణానికి, రెండు కాళ్ళు ఉత్తరానికి అటూఇటూ ఉండేలా తిప్పి పెడితే కడ్డీకి చోటు దొరుకుతుంది. అయితే బరువంతా ఆ రెండు కాళ్ళ మధ్య ఖాళీ మీదకు ఒరుగుతుంది కాబట్టి, కాళ్ళు బాగా బార్లా పరిచి, స్టాండు నడుముకు ఇసుక సంచీ వేలాడదీయడం మంచిది. ఫొటోలు తీసే ఉద్దేశం లేనివారు ఈ తంటా అంతా ఎందుకు పడాలి? ఈ అక్షాంశంలో కంటితో చూడటానికి డాబ్సోనియన్‌ను మించినది లేదు.

స్థలం విషయంలో ఇక్కడివారికి రెండు లాభాలున్నాయి. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఈ పట్టణం దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. అంటే గడియారం కంటే సూర్యుడు నలభై నిమిషాలు ముందుంటాడు. నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం అయిదుకు కాస్త అటూఇటూగా పొద్దుగూకుతుంది. ఆరున్నరకల్లా పూర్తి చీకటి. పిల్లలకు చూపించి వేళకు అన్నం పెట్టవచ్చు. రెండో లాభం దక్షిణాకాశం. అగస్త్య నక్షత్రం ఇక్కడ క్షితిజానికి 25 డిగ్రీల పైకి వస్తుంది. త్రిశంకు అని పంచాంగాలు ఎరిగిన దక్షిణ శిలువ అడుగు నక్షత్రం కూడా 15 డిగ్రీలు ఎక్కుతుంది; హైదరాబాదులో అది పది డిగ్రీలకు చేరదు. ఒమేగా సెంటారీ నక్షత్రగుచ్ఛం ముప్ఫై డిగ్రీలపైకి వస్తుంది. ఆరంగుళాల అద్దంలో అది పొడిపొడిగా విడివడి కనిపించడం చూశాక ఉత్తరాదివారు గొప్పగా చెప్పే గుచ్ఛాలు చిన్నబోతాయి. దానికి మంచి కాలం మార్చి, ఏప్రిల్ నెలల అర్ధరాత్రి. మే వచ్చిందంటే మబ్బులు. కాబట్టి టెలిస్కోపు పెట్టే మేడమీద ఉత్తరంకన్నా దక్షిణం వైపు ఆకాశం తెరిచి ఉండటం ముఖ్యం. నీళ్ళ ట్యాంకు ఆ దిక్కున ఉంటే వేరే చోటు చూసుకోవాలి.

పగలు చేయాల్సిన పని ఒకటుంది. ఫైండరు అనే చిన్న దుర్భిణిని పెద్ద గొట్టంతో కలపడం. దూరంగా ఉన్న టవరు కొసనో, కొబ్బరిచెట్టు మొవ్వునో పెద్ద గొట్టంలో మధ్యకు తెచ్చి, ఫైండరు మరలు తిప్పి అదే కొసను దాని గీతల కూడలికి తేవాలి. దీనికి మొదట పెట్టే ఐపీస్ ఎక్కువ నాభ్యంతరం ఉన్నది కావాలి: 1,200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోపులో 25 మిల్లీమీటర్ల ఐపీస్ 48 రెట్లు పెద్దది చేస్తుంది, 10 మిల్లీమీటర్లది 120 రెట్లు. ఈ పని చేసేటప్పుడు గొట్టం సూర్యుడి వైపు తిరగకుండా చూడాలి. మూతికి సరిపడే ప్రత్యేక ఫిల్టరు లేకుండా సూర్యుణ్ణి చూస్తే క్షణంలో కన్ను పోతుంది. మూత లేకుండా ఎండలో వదిలేసిన అద్దం తన ముందున్న వస్తువులను కాల్చగలదు.

అద్దాలను ఒక గీతలోకి తేవడం

కొత్తవారు భయపడేది దీనికే, కొలిమేషన్ అనే పనికి. నిజానికి దాని వెనక ఉన్న సూత్రం చిన్నది. పరావలయపు అద్దం తన అక్షం దగ్గర మాత్రమే చుక్కను చుక్కగా చూపిస్తుంది. అక్షం నుంచి జరిగేకొద్దీ నక్షత్రానికి తోకచుక్కలా తోక వస్తుంది. ఆ మచ్చలేని ప్రాంతం ఎంత వెడల్పు ఉంటుందన్నది నాభి నిష్పత్తి, అంటే నాభ్యంతరాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె, దాని ఘనాన్ని బట్టి ఉంటుంది. నిష్పత్తి 8 అయితే సుమారు 11 మిల్లీమీటర్లు, 5 అయితే 3 మిల్లీమీటర్లలోపు, 4 అయితే ఒకటిన్నర కూడా ఉండదు. కొలిమేషన్ అంటే ఆ చిన్న ప్రాంతాన్ని ఐపీస్ మధ్యకు తేవడమే. పొట్టి గొట్టం మోయడానికి తేలిక అని నిష్పత్తి 4 ఉన్నది కొన్నవారు ప్రతి రాత్రీ అద్దాలు సరిచూసుకోక తప్పదు. నిష్పత్తి 8 ఉన్న పొడుగు గొట్టం చాలా తప్పులు మన్నిస్తుంది, మొదటి టెలిస్కోపుగా దాన్నే కొనడం మేలు.

పనికి కావలసినది మధ్యలో చిన్న రంధ్రం ఉన్న మూత, ఐపీస్ స్థానంలో బిగుతుగా పట్టేది. పాత ఫిల్మ్ రీలు డబ్బా మూతకు సరిగ్గా నడుమ రంధ్రం చేస్తే సరిపోతుంది. అడుగు అద్దం నడిబొడ్డున ఒక చిన్న వలయం అంటించి ఉండాలి. చాలా కంపెనీలు అంటించే పంపుతాయి. లేకపోతే ఫైళ్ళలో కాగితం చిరగకుండా చిల్లుల చుట్టూ అంటించే వలయం తెచ్చి, కొలత చూసి అంటించవచ్చు. అద్దం పాడవుతుందన్న దిగులు అక్కర్లేదు. ఆ మధ్యభాగం మీద ఎటూ చిన్న అద్దం నీడే పడుతుంది.

ముందు చిన్న అద్దం సంగతి. రంధ్రంలోంచి చూస్తే అది ఫోకసర్ (ఐపీస్‌ను పట్టుకునే గొట్టం) కింద గుండ్రంగా, నడుమన కనబడాలి. కోడిగుడ్డులా కనబడితే పక్కకు తిరిగి ఉన్నట్టు. నడిమి మరను కొద్దిగా వదులు చేసి, అద్దాన్ని తిప్పి, ముందుకో వెనక్కో జరపాలి. ఆ తరవాత దాని వెనక ఉన్న మూడు చిన్న మరలతో వాలును మార్చాలి. చిన్న అద్దంలో పెద్ద అద్దం పూర్తిగా, దాన్ని పట్టుకున్న మూడు క్లిప్పులూ సమానంగా కనబడేదాకా. ఒక మర బిగించేటప్పుడు మిగిలిన రెండింటిలో ఒకదాన్నైనా వదలాలి, బలవంతం చేయకూడదు. ఈ దశ అంతా గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి చేయాలి. నిలువుగా ఉంచి చేస్తే, చేతిలోంచి జారిన స్క్రూడ్రైవర్ నేరుగా అడుగున ఉన్న పెద్ద అద్దం మీదే పడుతుంది.

చివరికి పెద్ద అద్దం. గొట్టం వెనక మూడు జతల మరలుంటాయి: ఒక జతలో ఒకటి వాలును మారుస్తుంది, రెండోది బిగిస్తుంది. బిగింపు మరలు వదులు చేసి, తక్కినవాటిని కొద్దికొద్దిగా తిప్పుతూ, మూత రంధ్రపు ప్రతిబింబం అద్దం మీది వలయం నడుమకు వచ్చేదాకా చూడాలి. గొట్టం పొడుగైతే ఒకరు రంధ్రంలోంచి చూస్తూ చెబుతుంటే ఇంకొకరు వెనక మరలు తిప్పడం హాయి. ఏ మర తిప్పితే ప్రతిబింబం ఎటు జరుగుతుందో మొదట్లో తికమకగానే ఉంటుంది. వేలితో గొట్టం అంచు మీద ఆ మర ఉన్న వైపు తట్టి చూపిస్తే లోపల వేలి నీడ కనబడి దిక్కు తెలుస్తుంది.

ఇక్కడ చాలామందిని కలవరపెట్టే సంగతి ఒకటి. అంతా సరిగా కుదిరాక కూడా చిన్న అద్దం నీడ వలయంతో ఏకకేంద్రంగా కాకుండా కాస్త ఒక పక్కకు జరిగినట్టు కనబడుతుంది. నిష్పత్తి 5, అంతకంటే తక్కువ ఉన్నవాటిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. అది తప్పు కాదు. శంకువులా సన్నబడుతూ వచ్చే వెలుగును 45 డిగ్రీల అద్దం కోసినప్పుడు దాని రెండు భాగాలు సమానంగా రావు. అందుకే చిన్న అద్దాన్ని ఫోకసర్‌కు దూరంగా, పెద్ద అద్దం వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి అమరుస్తారు. ఆ నీడను నడుమకు తేవాలని మరలు తిప్పితే బాగున్న అమరిక చెడుతుంది.

లేజర్ పరికరాలు చాలామంది కొంటారు. వాటి పుంజమే తమ గొట్టంలో వంకరగా ఉంటే అద్దాలనూ వంకరగానే సరిచేయిస్తాయి; కొన్న రోజునే ఫోకసర్‌లో పెట్టి గుండ్రంగా తిప్పి చూడాలి. చుక్క అద్దం మీద కదలకుండా ఉంటే బాగున్నట్టు, సున్నా చుడితే లేదు. కొలిమేషన్‌కే వాడే చెషైర్ ఐపీస్‌లో ఈ చిక్కు లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

ఆఖరి పరీక్ష నక్షత్రంతోనే. ఎక్కువ పెద్దది చేసే ఐపీస్ పెట్టి, ఫోకసును కొద్దిగా తప్పిస్తే నక్షత్రం వలయాలుగా విచ్చుకుంటుంది. వలయాలు ఏకకేంద్రంగా ఉంటే అద్దాలు కుదిరినట్టు, ఒక వైపు కిక్కిరిస్తే పెద్ద అద్దం మరలు కొంచెం సవరించాలి. కదలదు కాబట్టి ధ్రువనక్షత్రంతో చేయమని పుస్తకాలు చెబుతాయి. డైరీ ఫార్మ్‌లో ఆ మాట వినకూడదు. ఇక్కడ ధ్రువుడు పన్నెండు డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాడు, మందమైన తడిగాలిలోంచి వణుకుతూ కనిపిస్తాడు, ఆ వణుకులో వలయాలు నిలవవు. నడినెత్తికి దగ్గరగా ఉన్న రెండో శ్రేణి కాంతి నక్షత్రాన్ని ఎంచుకోవాలి. అది జరుగుతూ ఉంటుంది, గొట్టాన్ని మాటిమాటికీ తోయాలి, అయినా అదే నయం. వలయాలు గుండ్రంగా కాక మూడు మూలలుగా కనబడితే మాత్రం తప్పు అమరికది కాదు, అద్దాన్ని పట్టుకున్న క్లిప్పులు మరీ బిగిసి ఉన్నట్టు. క్లిప్పుకూ అద్దానికీ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి.

తేమ, ఉప్పు, బూజు

చలిదేశాల సలహా: చూడటానికి గంట ముందే టెలిస్కోపు బయట పెట్టి అద్దాన్ని చల్లారనివ్వండి. అక్కడ ఇంట్లో వెచ్చగా ఉన్న అద్దం బయటి చలిలో వేడిని వదులుతూ బొమ్మను కదిలిస్తుంది. ఇక్కడ రాత్రికీ పగటికీ ఉష్ణోగ్రత తేడా తక్కువ, ఆ బాధ అంతగా లేదు. ఉన్నది దానికి విరుద్ధమైనది. ఏసీ గదిలో దాచిన టెలిస్కోపును మేడమీదకు తెచ్చి మూత తీస్తే, బయటి తడిగాలి చల్లని అద్దం మీద క్షణాల్లో నీరుగా పేరుకుంటుంది, దానితోబాటు గాలిలోని ఉప్పూ చేరుతుంది. కాబట్టి ఏసీ గదిలో పెట్టకూడదు; పెట్టక తప్పకపోతే, మూతలన్నీ బిగించి ఉంచి, బయటి వేడికి సమానమయ్యాకే తెరవాలి.

రాత్రి గడిచేకొద్దీ పడే మంచు అడుగున ఉన్న పెద్ద అద్దాన్ని అంతగా తాకదు, గొట్టమే దానికి కాపు. ముందు మసకబారేవి ఫైండరు, ఐపీస్, ఆ తరవాత చిన్న అద్దం. గుడ్డతో తుడవకూడదు. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో దూరంగా పట్టుకుంటే చాలు.

అద్దాల కంటే ముందు పాడయ్యేది చెక్క. చాలా డాబ్సోనియన్ పెట్టెలు చెక్కపొట్టు అదిమి చేసిన పలకలవి. అంచుల అతుకులోంచి తేమ ఎక్కితే ఉబ్బి మరలు పట్టు వదులుతాయి. కొన్న వెంటనే కోసిన అంచులన్నిటికీ వార్నిష్ పూయాలి, మామూలు ఇనుప మరల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయాలి. కొలిమేషన్ మరలకు పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే రెండు వానాకాలాల తరవాత కూడా తిరుగుతాయి.

ఐపీస్‌ల శత్రువు బూజు. గాలిలో తేమ 70 శాతం పైబడి రోజుల తరబడి నిలిస్తే గాజు మీద సాలెగూడులాంటి పోగులు పాకుతాయి, వదిలేస్తే పూతలో గుర్తు మిగులుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఐపీస్‌లు దాచాలి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే, నారింజవి ఆకుపచ్చకు మారితే, నెమ్మదైన వేడి మీద ఆరబెట్టి మళ్ళీ వాడవచ్చు. నీలం రకంలో కోబాల్ట్ లవణం ఉంటుంది, దాన్ని వంట పాత్రల్లో వేడి చేయవద్దు. తోలు సంచులు, పెట్టెలోపలి స్పాంజి తేమను పట్టి ఉంచుతాయి; అందంగా ఉన్నాయని వాటిలోనే ఉంచేయడం ఇక్కడ పొరపాటు. పెద్ద గొట్టానికి రెండు చివరలా మూతలు వేసి, లోపల సిలికా జెల్ సంచీ కట్టి, ఇంట్లో గాలాడే చోట గోడకు ఆనకుండా నిలబెట్టాలి.

కడగడం, మళ్ళీ పూత

దుమ్ము కనిపించగానే అద్దం కడిగేయాలనిపిస్తుంది. టార్చి వేసి చూస్తే ఏ అద్దమైనా మురికిగానే కనబడుతుంది. నిజానికి పలచని దుమ్ము ఆపే వెలుగు లెక్కలోకి రాదు, గుడ్డ పెట్టే గీత మాత్రం శాశ్వతం. పొడిప్రదేశాల్లో అద్దాన్ని ఏళ్ళ తరబడి కడగకుండా వదిలేస్తారు. ఉప్పుగాలి ఉన్నచోట అంత ఓపిక పనికిరాదు: ఉప్పు తేమను పీల్చి పూతను చుక్కలు చుక్కలుగా తింటుంది. వానాకాలం వెళ్ళాక, జనవరి పొడిరోజుల్లో ఒకసారి కడగడం ఇక్కడికి సరైన పద్ధతి.

తీసేముందు అద్దం పక్క అంచుకూ దాని గూటికీ పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి, తిరిగి అదే స్థితిలో కూర్చోబెట్టడానికి. ఉంగరాలు, గడియారం తీసేయాలి. ప్లాస్టిక్ తొట్టి అడుగున మెత్తని తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు కడిగే ద్రవం ఒకటి రెండు చుక్కలు వేసి, అద్దాన్ని పది నిమిషాలు నాననివ్వాలి. చాలా మురికి దానంతట అదే వదులుతుంది. మిగిలితే తడిసిన శుభ్రమైన దూదిని దాని బరువు మీదే లాగాలి, అదమకూడదు. ఒక్కసారి లాగిన దూదిని పారేసి కొత్తది తీసుకోవాలి. కుళాయి నీళ్ళు ఆరితే తెల్లని మరకలు మిగులుతాయి కాబట్టి చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేయాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి దుకాణాల్లో అమ్మేది పనిచేస్తుంది, సీసా మీద శుద్ధజలమని స్పష్టంగా ఉంటే. వాననీళ్ళు శుద్ధమే కదా అనుకోవద్దు, సముద్రం పక్కన అవి ఉప్పును మోసుకొస్తాయి. అద్దాన్ని ఏటవాలుగా నిలబెట్టి నీళ్ళు జారనిచ్చి, అంచున మిగిలిన చుక్కలను కాగితపు రుమాలు మూలతో పీల్చాలి. మళ్ళీ బిగించాక కొలిమేషన్ మొదటి నుంచి చేయాలి.

పూత ఎప్పుడు మార్చాలి అన్నదానికి తేలికైన పరీక్ష: అద్దాన్ని వెలుగుకు ఎదురుగా పట్టి వెనక నుంచి చూడడం. సూదిమొనల్లాంటి చిల్లులు కొన్ని ఉంటే పర్వాలేదు. పలచని మసక మచ్చలు విస్తరిస్తుంటే, పూత అంచు నుంచి పొరలుగా లేస్తుంటే సమయం వచ్చినట్టు. అల్యూమినియం పూత శూన్యపు గదిలో వేయాలి, ఇంట్లో చేసే పని కాదు. దీవుల నుంచి ప్రధాన భూభాగానికి పంపాల్సిందే. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాలకు ఓడలున్నాయి, విమానంలో తీసుకెళ్ళడం ఇంకా నయం. అద్దాన్ని గొట్టం నుంచి విప్పి విడిగా, పూత వైపు ఏదీ తగలకుండా అంచుల్లో మాత్రమే ఆనేలా గట్టి పెట్టెలో పెట్టి, సిలికా జెల్ వేసి పంపాలి. ఎనిమిదంగుళాల అద్దం బరువైనదే, వదులుగా పెడితే ఓడ ఊపుకు పెట్టె గోడనే పగలగొడుతుంది. చిన్న అద్దాన్నీ దానితోబాటే పంపడం తెలివైన పని: గొట్టం మూతి దగ్గర ఉండే అదే ముందు ఉప్పుకు గురవుతుంది, ఒకటి కొత్తదై ఇంకొకటి పాతదైతే వెలుగు ఆ పాతదాని దగ్గరే తగ్గిపోతుంది.